పదో మనిషి

అమెరికాలో తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోట, సంఘాల వేదికల మీద, చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో నాకు తరచూ ఎదురయ్యే మాట ఒకటుంది. "యూదుల్ని చూసి నేర్చుకోవాలండీ. పిడికెడుమందే అయినా ఎంత ఐకమత్యం! మనవాళ్ళలో లేనిదే అది." చెప్పేవాళ్ళ మనసు మంచిదే, మనవాళ్ళు బాగుపడాలనే చెబుతారు. కానీ వాళ్ళ ఊహలో ఉన్న ఐకమత్యం ఎలాంటిదంటే, అందరిదీ ఒకే మాట కావడం, పెద్దలు చెప్పినదానికి తలూపడం, లోపలి గొడవ బయటికి పొక్కనివ్వకపోవడం. యూదుల సమాజ జీవితాన్ని దగ్గర్నుంచి చూసినంతలో, వాళ్ళ గ్రంథాల గురించి చదువుకున్నంతలో నాకు అలాంటిది కనిపించలేదు. రెండువేల ఏళ్ళుగా వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. ఓడిపోయిన వాదాన్ని కూడా చెరిపెయ్యకుండా రాసిపెట్టుకుని, పిల్లలకి పాఠంగా చెబుతున్నారు.

ఇంతగా వాదులాడుకునేవాళ్ళు, దేశదేశాలకి చెల్లాచెదురైనవాళ్ళు, ఒక సమాజంగా ఎలా మిగిలారు? నాకు అర్థమైనంతవరకు, వాళ్ళ సంప్రదాయం మనిషి నుంచి మొదట కోరేది హాజరు. ఒప్పుకోలు తర్వాతి సంగతి, చాలాసార్లు అక్కర్లేని సంగతి. నువ్వు రావాలి, నీ చోట కూర్చోవాలి, నీ వంతు బరువు మొయ్యాలి. నీ ముఖం నీదే, నీ బుర్ర నీదే. ఆ సమాజం ఎప్పుడెప్పుడు హాజరు చాలదని ఒప్పుకోలు కూడా అడిగిందో, ఎప్పుడెప్పుడు గుమ్మంలోకి వచ్చినవాణ్ణి లెక్కలోకి తీసుకోనని మొండికేసిందో, అప్పుడల్లా తన సొంత కొలబద్దకే తక్కువైంది. ఈ వ్యాసంలో ఇజ్రాయెల్ రాజ్యం గురించీ దాని యుద్ధాల గురించీ నేను మాట్లాడటం లేదు. ఒక సినగోగు (యూదుల ప్రార్థనాలయం) చుట్టూ, ఒక పేట చుట్టూ అల్లుకున్న మనుషుల గురించే మాట్లాడుతున్నాను.

నాకీ విషయం మీద పట్టింపు కలిగింది న్యూజెర్సీలో మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన వల్ల. తండ్రి పోయిన తర్వాత ఆయన రోజూ మధ్యాహ్నం ఒక వేళకి కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయేవారు. ఎంత ముఖ్యమైన మీటింగు నడుస్తున్నా సరే. కింది అంతస్తులో వేరే కంపెనీవాళ్ళ గది ఒకటి ఉండేది. ఆ బిల్డింగులో పనిచేసే యూదులంతా మధ్యాహ్న ప్రార్థనకి అక్కడ చేరేవారు. తల్లిదండ్రుల్లో ఎవరైనా పోతే కొడుకు పదకొండు నెలలపాటు ప్రతి ప్రార్థనలోనూ కద్దిష్ చదవాలి. అరామిక్ భాషలో ఉండే చిన్న స్తోత్రం అది. అందులో చావు ఊసే ఉండదు, పోయినవాళ్ళ పేరు ఉండదు. దేవుడి నామం ఘనమైనదని చెప్పడమే ఉంటుంది. కానీ దాన్ని ఒంటరిగా చదవడానికి వీల్లేదు. పదిమంది ఉంటేనే చదవాలి. దుఃఖంలో ఉన్నవాడు చదువుతూంటే మిగతావాళ్ళు "ఆమేన్" అనాలి. ఆ ఆమేన్ పలికేవాళ్ళు లేకపోతే చదివినట్టు కాదు. ఆ పదిమంది కూటమినే మిన్యన్ అంటారు.

ఆయన పెద్ద భక్తుడేమీ కాదు. ఒకసారి అడిగాను, నమ్మకం లేకపోతే ఇంత శ్రమ ఎందుకని. "దేవుడి సంగతి నేనింకా తేల్చుకోలేదు. అది తేలేదాకా మా నాన్న ఆగాలా?" అన్నారు.

పదోవాడు రాకపోతే ఏం చేస్తారని కూడా అడిగాను. ఎదురుచూస్తారట. ఫోన్లు చేస్తారట. ఒకరు కింద లాబీలోకి దిగి, నెత్తిన చిన్న టోపీ ఉన్నవాళ్ళెవరైనా అటుగా పోతున్నారేమో చూస్తారట. అప్పటికీ దొరక్కపోతే ఆ పూట కద్దిష్ లేదు, ఆయన దుఃఖం ఆయన దగ్గరే ఉండిపోతుంది. పదోవాడు దొరికితే మాత్రం వాడు మహాపండితుడా, ప్రార్థన పుస్తకంలో పేజీ ఎక్కడుందో తెలియనివాడా అని ఎవరూ చూడరు. నాస్తికుడైనా సరే. తొమ్మిదిమంది రబ్బీలు (మతపండితులు) కూడినా మిన్యన్ కాదు, పదిమంది చెప్పులు కుట్టేవాళ్ళు కూడితే అవుతుంది అని వాళ్ళలో ఒక సామెత ఉంది. ఈ సామెతని గుర్తుపెట్టుకోమని చదువరులకి నా మనవి. గుంటూరు జిల్లా దాకా వచ్చాక దీంతో పని ఉంది.

పది అనే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిశాక నాకు ఇంకా ఆశ్చర్యమేసింది. బైబిలు సంఖ్యాకాండంలో మోషే కనాను దేశాన్ని చూసి రమ్మని పన్నెండుమందిని పంపుతాడు. ఇద్దరు ధైర్యంగా మాట్లాడతారు. పదిమంది అక్కడ రాక్షసుల్లాంటి మనుషులున్నారని జనాన్ని బెదరగొడతారు. దేవుడు ఆ పదిమంది మీద కోపించి వాళ్ళని "చెడ్డ సమాజం" అంటాడు. పదిమందిని సమాజం అన్నాడు కాబట్టి సమాజానికి పదిమంది కావాలని తాల్ముద్ (యూదుల ధర్మచర్చల మహాగ్రంథం) పండితులు తేల్చారు. అంటే పవిత్రమైన ప్రార్థనకి కావలసిన కనీస సంఖ్యని తప్పు చేసిన పదిమంది దగ్గర్నుంచి తీసుకున్నారు! మంచివాళ్ళైన ఇద్దరి దగ్గర్నుంచి తీసుకోలేదు. ఈ ఒక్క సంగతి మీదే నేను చాలాకాలం ఆలోచించాను. సమాజం అన్నది మంచివాళ్ళని ఏరి కట్టే గుంపు అయితే ఈ లెక్క పుట్టేదే కాదు.

తాల్ముద్‌లో మరోచోట ఇదే సంగతి ఇంకా సూటిగా ఉంది. పాపులు కలవని ఉపవాసం ఉపవాసమే కాదంటుంది. దానికి చూపించే రుజువు గుడిలో వేసే ధూపం. ధూపద్రవ్యాల్లో గాల్బనం అనే బంక ఒకటి, దాని వాసన బాగోదు. అయినా తోరా, అంటే మోషే ధర్మగ్రంథం, దాన్ని జాబితాలో చేర్చింది, అది లేకపోతే ధూపం పనికిరాదు. ఏడాదికోసారి వచ్చే ప్రాయశ్చిత్త దినం యోం కిప్పూర్ రాత్రి ప్రార్థన మొదలుపెట్టే ముందు, అతిక్రమించినవాళ్ళతో కలిసి ప్రార్థించడానికి అనుమతి ఇస్తున్నామని అందరి ముందూ గట్టిగా ప్రకటిస్తారు. ఆ తర్వాత పాపాలు ఒప్పుకునేటప్పుడు "నేను దొంగిలించాను" అని ఉండదు, "మేము దొంగిలించాము" అని ఉంటుంది. జన్మలో చిల్లిగవ్వ ముట్టనివాడు కూడా ఆ మాట అనాలి.

ఇక మనుషుల్ని లెక్కపెట్టే పద్ధతి. పదిమంది వచ్చారో లేదో చూసుకునేటప్పుడు ఒకటి, రెండు అని తలలు లెక్కపెట్టరు. 28వ కీర్తన చివరి వాక్యంలో హీబ్రూలో సరిగ్గా పది మాటలున్నాయి. ఒక్కొక్కరినీ చూస్తూ ఒక్కో మాట పలుకుతారు. వాక్యం పూర్తయితే మిన్యన్ పూర్తయినట్టు. మా తాతగారు కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా "లాభం" అనేవారు, ఏడో కుంచాన్ని "ఆరున్నొకటి" అనేవారు. విలువైనదాన్ని బోడి అంకెగా మార్చడానికి మనసొప్పకపోవడం రెండుచోట్లా ఉంది. అయితే యూదుల దగ్గర అది మనుషుల గురించి. ఎడారిలో జనాభా లెక్క తియ్యాల్సి వచ్చినప్పుడు కూడా తలకో అర షెకెల్ నాణెం తీసుకుని ఆ నాణేల్ని లెక్కపెట్టమంది నిర్గమకాండం. ధనవంతుడు అంతకన్నా ఎక్కువ ఇవ్వకూడదు, పేదవాడు తక్కువ ఇవ్వకూడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. అందరూ తలా అర షెకెల్ అయినప్పుడు, పదోవాడు ఎవడైనా ఫర్వాలేదన్నప్పుడు, ఇందులో మనిషి ప్రత్యేకత ఏముంది? ఒక ఇటుక బదులు ఇంకో ఇటుక పెట్టినట్టే కదా?

దీనికి జవాబు మిష్నాలో ఉంది. మిష్నా అంటే క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ధర్మశాస్త్ర సంపుటి. మరణశిక్ష పడే కేసులో సాక్షులు నోరు విప్పేముందు న్యాయమూర్తులు వాళ్ళని ఎలా హెచ్చరించాలో అందులో రాశారు. డబ్బు తగాదాలో తప్పు సాక్ష్యం చెబితే డబ్బు కట్టి బయటపడొచ్చు, ఇక్కడ అలా కుదరదు అని మొదలవుతుంది. మనిషి ఒకే అచ్చుతో వంద నాణేలు పోస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, దేవుడు మాత్రం ప్రతి మనిషినీ ఆదాము అచ్చుతోనే పోశాడు, ఒక్కడూ ఇంకొకడిలా లేడు. అందుకని ప్రతివాడూ "ఈ లోకం నాకోసమే సృష్టి అయింది" అని అనుకోవాలి. ఈ మాటలు ఏ పెళ్ళిలోనో పండగలోనో చెప్పినవి కావు. ఎదుటివాడి ప్రాణం నీ నాలుక చివర ఉన్నప్పుడు చెప్పినవి. వాడి బదులు ఇంకొకడు ఉండడు అని గుర్తుచెయ్యడానికి చెప్పినవి.

ఈ రెండింటినీ ఒకే మెట్టు మీద నిలబెట్టినవాడు బెన్ జోమా అనే పండితుడు. యెరూషలేము గుడి కొండ మెట్ల మీద నిలబడి ఆయన పెద్ద జనాన్ని చూశాడు. ఆరు లక్షలమందిని ఒక్కచోట చూస్తే చదవాల్సిన స్తుతి ఒకటుంది, అది చదివాడు. రహస్యాలు ఎరిగినవాడికి స్తోత్రం అని ఆ స్తుతి. ఎందుకంటే, అంత జనంలో ఏ ఇద్దరి ముఖాలూ ఒకలా ఉండవు, ఏ ఇద్దరి ఆలోచనలూ ఒకలా ఉండవు, ఆ లోపలి సంగతులన్నీ తెలిసినవాడు ఒక్కడే. పెద్ద జనసమూహాన్ని చూడగానే మనకి దాని బలం గుర్తొస్తుంది, ఓట్లు గుర్తొస్తాయి, తొక్కిసలాట గుర్తొస్తుంది. వీళ్ళకి గుర్తురావాల్సింది ఎవరి బుర్ర వాళ్ళదే అన్న సంగతి.

బెన్ జోమా అంతటితో ఆగలేదు. ఆదాము ఒక్క రొట్టె ముక్క తినడానికి ఎంత పాటుపడ్డాడో కదా అన్నాడు. దున్నాడు, విత్తాడు, కోశాడు, పనలు కట్టాడు, నూర్చాడు, తూర్పారబట్టాడు, మట్టిబెడ్డలు ఏరాడు, తిరగలి విసిరాడు, జల్లించాడు, పిసికాడు, కాల్చాడు, అప్పుడు తిన్నాడు. నేనో, పొద్దున్నే లేచేసరికి ఇవన్నీ చేసిపెట్టి ఉన్నాయి. ఒక చొక్కా తొడుక్కోవడానికి ఆదాము ఉన్ని కత్తిరించాలి, ఉతకాలి, దువ్వాలి, వడకాలి, నెయ్యాలి. నా గుమ్మంలోకి అందరూ వాళ్ళ వాళ్ళ పని పట్టుకుని వస్తున్నారు. లోకమంతా నాకోసమే అన్న మాటకి బెన్ జోమా దగ్గర వచ్చిన అర్థం ఇది. వాళ్ళందరూ వేరువేరుగా ఉండబట్టే నేను బతుకుతున్నాను. ఒక్కడే ఉన్నప్పుడు ఆదాముకి ప్రత్యేకతకేం కొదవలేదు, కొదవ రొట్టెకే.

వాదన విషయానికొస్తాను, ఎందుకంటే ఐకమత్యం గురించి ఉపన్యసించేవాళ్ళు తడబడేది ఇక్కడే. మరణశిక్ష కేసుని 23 మంది న్యాయమూర్తులు విచారించాలి. ఇరవైముగ్గురూ ఏకగ్రీవంగా దోషి అంటే ముద్దాయిని వదిలెయ్యాలని తాల్ముద్‌లో రవ్ కహానా పేరు మీద ఒక మాట ఉంది. తీర్పుని రాత్రంతా ఆపి ఉంచేదే వాడి తరఫున ఏదైనా మంచి మాట దొరుకుతుందేమోనని. ఒక్కరికీ ఎదురుమాట తోచని సభకి ఇక ఆ మాట దొరకదు. మనం పంచాయతీల్లో "ఏకగ్రీవం" అని సంబరపడి బహుమతులు ఇచ్చుకునే సంగతి తలుచుకుంటే ఎంత తేడా!

రబ్బీ యోహనాన్, రేష్ లకీష్ అని ఇద్దరుండేవారు, మూడో శతాబ్దంలో, గలిలయలో. రేష్ లకీష్ ఒకప్పుడు బందిపోటు. యోహనాన్ అతణ్ణి చదువులోకి లాగి, తన చెల్లెల్ని ఇచ్చి పెళ్ళి చేశాడు. ఇద్దరూ కలిసి చదువుకునేవాళ్ళు. ఒకనాడు వాదన ముదిరి, యోహనాన్ అతని పాత బతుకుని ఎత్తిపొడిచాడు. ఆ గాయం మానలేదు, రేష్ లకీష్ జబ్బుపడి పోయాడు. యోహనాన్ దిగులు పోగొట్టడానికి ఎలాజార్ అనే పండితుణ్ణి ఆయనకి జోడీగా పంపారు. యోహనాన్ ఏం చెప్పినా ఎలాజార్ "మీ మాటకి ఆధారం ఉందండీ" అని ఒక ప్రమాణం చూపించేవాడు. యోహనాన్ భరించలేకపోయాడు. లకీష్ కొడుకు (అంటే రేష్ లకీషే) ఉన్నప్పుడు నేనొక మాట అంటే ఇరవైనాలుగు అభ్యంతరాలు లేవనెత్తేవాడు, నేను ఇరవైనాలుగు సమాధానాలు చెప్పేవాణ్ణి, విషయం దానంతటదే విప్పారేది. నువ్వేమో నా మాట సరైనదని చెబుతున్నావు, అది నాకు తెలియదా అన్నాడు. బట్టలు చింపుకుని, లకీష్ కొడుకా, ఎక్కడున్నావు అని ఏడుస్తూ తిరిగి, మతి తప్పి చనిపోయాడు. కాదనేవాడు లేక చచ్చిపోయిన మనిషి కథ నేను ఇంకెక్కడా చదవలేదు. ఈనాటికీ యెషివాల్లో, అంటే వాళ్ళ మత పాఠశాలల్లో, ఇద్దరిద్దరుగా కూర్చుని, గట్టిగా కేకలు పెట్టుకుంటూనే చదువుతారు. నిశ్శబ్దంగా ఉండే గ్రంథాలయానికి అలవాటుపడ్డ మనకి అది చేపల బజారులా వినిపిస్తుంది.

వాదం ఇంటి గుమ్మం దాకా ఎలా వచ్చిందో న్యూజెర్సీలో యూదుల ఇళ్ళకి వెళ్ళే తెలుగువాళ్ళు చూసే ఉంటారు. ద్వారబంధానికి కుడిపక్కన ఒక చిన్న గొట్టం వాలుగా దిగ్గొట్టి ఉంటుంది. దాన్ని మెజూజా అంటారు, అందులో తోరా వాక్యాలు రాసిన తోలు చుట్ట ఉంటుంది. దాన్ని నిలువుగా పెట్టాలని 11వ శతాబ్దపు మహా వ్యాఖ్యాత రషీ చెప్పాడు. అడ్డంగా పెట్టాలని ఆయన మనవడే రబ్బేను తామ్ చెప్పాడు. అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్) యూదులు వాలుగా పెట్టుకున్నారు. తాతా మనవళ్ళ తగాదా ఇంటింటి గుమ్మం మీదా నేటికీ వాలుగానే ఉంది. తాల్ముద్ అచ్చు పుస్తకం ఏ పేజీ తెరిచినా నడుమ మూలం, ఒకపక్క రషీ, రెండోపక్క ఆయన మనవలూ వాళ్ళ శిష్యులూ రాసిన తోసాఫోత్, చాలాచోట్ల "తాతగారు చెప్పింది కుదరదు" అంటూ. ఆ ఇద్దరినీ వేరువేరు పుస్తకాల్లోకి ఎవరూ విడగొట్టలేదు.

ఇదంతా చదివి, అహా, ఎంత గొప్ప జాతి అని ముగించడం నాకిష్టం లేదు. తాల్ముదే అలా ముగించనివ్వదు. అక్నాయ్ పొయ్యి కథ చాలామందికి తెలుసు. ఒక మట్టిపొయ్యి శుద్ధమా కాదా అని వాదం. రబ్బీ ఎలియెజెర్ ఒక్కడూ ఒకవైపు, మిగతా పండితులంతా రెండోవైపు. ఎలియెజెర్ చెట్టుని కదిలిస్తాడు, కాలవని వెనక్కి పారిస్తాడు, ఆకాశవాణి చేత తనదే ఒప్పని చెప్పిస్తాడు. రబ్బీ యెహోషువ లేచి, ధర్మం ఆకాశంలో లేదు అంటాడు. ఇక్కడ ఎక్కువమంది మాటే చెల్లుతుందని దానికి తర్వాతి పండితుడు రబ్బీ యిర్మియా చెప్పిన అర్థం. ఉపన్యాసాల్లో కథని అక్కడ ఆపేసి చప్పట్లు కొట్టించుకుంటారు. కథ అక్కడ ఆగదు. గెలిచినవాళ్ళు ఎలియెజెర్ శుద్ధమన్నవన్నీ తెచ్చి కాల్చేశారు. ఆయన్ని వెలేశారు. ఆ కబురు చెప్పడానికి రబ్బీ అకీవా నల్లబట్టలు కట్టుకుని వెళ్ళి, నాలుగు మూరల దూరంలో కూర్చున్నాడు. ఎలియెజెర్ కళ్ళలో నీళ్ళు కారాయి. ఆ వెలికి పెద్దరికం వహించిన గమాలియేలు ఆయనకి స్వయంగా బావమరిది. చివరికి ఎలియెజెర్ గుండెకోత తగిలే గమాలియేలు చనిపోయాడని ఉంది కథలో. తాల్ముద్ ఈ కథని న్యాయపద్ధతుల గురించి మాట్లాడే చోట పెట్టలేదు. మాటతో మనిషిని నొప్పించడం ఎంత పెద్ద నేరమో చెప్పేచోట పెట్టింది. పొయ్యి విషయంలో గెలుపు ఎక్కువమందిదే. ఆ మనిషి విషయంలో వాళ్ళు చేసింది తప్పు. ఒప్పుకోనందుకు ఓడించొచ్చు, బయటికి గెంటకూడదు.

ఆ పాఠాన్ని చదివినవాళ్ళే ఆమ్‌స్టర్‌డామ్‌లో 1656 జూలై 27న తర్వాత గొప్ప తత్వవేత్త అయిన బారూఖ్ స్పినోజాని, ఇరవైమూడేళ్ళ వయసులో, వెలేశారు. అతనితో ఎవరూ మాట్లాడకూడదు, ఉత్తరం రాయకూడదు, నాలుగు మూరల దగ్గరికి పోకూడదు, అతను రాసినదేదీ చదవకూడదు. వెలేసినవాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. స్పెయిన్, పోర్చుగల్ మతవిచారణల నుంచి పారిపోయి వచ్చి, ఇంకొకరి ఊళ్ళో తలదాచుకున్న కుటుంబాలు. ఒక కుర్రాడి నాస్తికపు మాటలు అందరి కొంపా ముంచుతాయేమో అనుకున్నారు. భయపడ్డ సమాజం మొట్టమొదట చేసే పని ఒప్పుకోలు అడగడమే. ఎన్నో సమాజాల్లో ఇది చూస్తున్నాం. అయినా స్పినోజా ఇంకో మతంలో చేరలేదు, చనిపోయేదాకా ఏ మందలోనూ కలవలేదు. నష్టం ఎవరికని అడిగితే నా జవాబు ఆమ్‌స్టర్‌డామ్‌కే అని.

ఆడవాళ్ళ సంగతి దీనికన్నా చిక్కు, ఎందుకంటే అది ఒక్క తీర్పుతో పోయేది కాదు. మా ఆఫీసు పెద్దాయన చెల్లెలు కూడా తండ్రికి కద్దిష్ చదవాలనుకుంది. అన్న వెళ్ళే, సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఆర్థడాక్స్ సినగోగులో పదిమందిలో ఆడవాళ్ళని లెక్కపెట్టరు. వేళప్రకారం చెయ్యాల్సిన కర్మల బాధ్యత ధర్మశాస్త్రం మగవాళ్ళ మీద పెట్టింది, బాధ్యత లేనివాళ్ళని లెక్కలోకి తీసుకోరు అని వాళ్ళ వాదం. అది చులకనభావంతో అనే మాట కాదని నాకు తెలుసు. కానీ పొద్దున్నే లేచి బండి నడుపుకుంటూ వేరే ఊళ్ళోని, మార్పుకి కొంత చోటిచ్చే కన్జర్వేటివ్ సినగోగుకి ఆమె వెళ్ళి వస్తూంటే, బాధ్యత ఎవరు మోస్తున్నట్టు? 1916లో, అప్పటికే హదస్సా అనే యూదు మహిళల సంస్థని స్థాపించి ఉన్న హెన్రియెట్టా సోల్డ్ తల్లి పోతే, కుటుంబ స్నేహితుడొకాయన నేను కద్దిష్ చదివిపెడతానన్నాడు. ఆమె ఎంతో మర్యాదగా, ఎంతో ప్రేమగా వద్దని ఉత్తరం రాసింది. మా అమ్మకి ఎనమండుగురు ఆడపిల్లలు, కొడుకుల్లేరు. నాన్న పోయినప్పుడు కూతుళ్ళ చోటు ఇంకొకరికి ఇవ్వడానికి అమ్మ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను అన్నది దాని సారాంశం. ఆమె సమాజాన్ని విడిచిపోలేదు. తన చోటు మాత్రం వదులుకోలేదు. కన్జర్వేటివ్ శాఖ పండితులు మిన్యన్‌లో ఆడవాళ్ళని లెక్కించవచ్చని చెప్పడానికి 1973 దాకా పట్టింది.

మన దక్షిణదేశానికి వస్తే, కొచ్చి మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశీ సినగోగు ఉంది. యాత్రికులు బారులు తీరి చూస్తారు. నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలం తెలుపు పలకలు. చేత్తో చిత్రించినవి కాబట్టి ఏ రెండూ ఒకలా ఉండవని గైడ్లు చూపిస్తారు. ఆ నేలని మెచ్చుకుంటూ నిలబడ్డప్పుడు నాకు మాత్రం అక్కడ నేల మీద ఎవరిని కూర్చోబెట్టారన్నదే గుర్తొచ్చింది. కొచ్చి యూదుల్లోకి మన కులం నడిచి వచ్చేసింది. పరదేశీ యూదులు వేరు, వాళ్ళకన్నా శతాబ్దాల ముందునుంచీ ఉన్న మలబారు యూదులు వేరు, విడుదలైన బానిసల సంతతి వేరు. ఆ సంతతివాళ్ళని లోపల బల్లల మీద కూర్చోనిచ్చేవారు కాదు, తోరా చదవడానికి పిలిచేవారు కాదు. ఈ తేడాలు చెల్లవని 16వ శతాబ్దంలోనే ఈజిప్టు నుంచి పెద్ద రబ్బీ జవాబు రాసి పంపినా కొచ్చిలో ఎవరూ వినలేదు. అర షెకెల్ సూత్రం చదివినవాళ్ళే వినలేదు.

ఆ సంతతిలో పుట్టిన ఏ.బి. సేలం లాయరు చదివాడు, గాంధీని అనుసరించాడు, సొంత సినగోగులోనే సత్యాగ్రహం చేశాడు. వేరే సినగోగు కట్టుకుని పోవచ్చు కదా? మన సంఘాలు చీలినప్పుడల్లా జరిగేది అదే. సేలం పోలేదు. నన్ను లెక్కలోకి తీసుకోవాల్సింది ఇక్కడే అన్నట్టు అక్కడే కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి కూర్చుని, ఒక్కొక్క హక్కే సాధించాడు. ఇవాళ ఆ వీధికి ఆయన పేరు ఉంది. 1950ల్లో కొచ్చి యూదుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కి వలసపోయారు, మిగిలినవాళ్ళు వేళ్ళమీద లెక్కకొచ్చారు. పదిమంది పూర్తికావడానికి బయటి ఊళ్ళనుంచి వచ్చే యూదు యాత్రికుల మీద ఆధారపడాల్సి వచ్చింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలని అన్నేళ్ళు తగవులాడిన చోట ఇప్పుడు కూర్చోడానికి మనిషి కావాలి.

ఇక గుంటూరు జిల్లా. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం మా తెనాలికి ఎంతో దూరం కాదు. అక్కడ బెనే ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. యాకోబి సోదరుల చొరవతో 1980ల చివర్లో, 1990ల మొదట్లో రూపుకట్టింది. వాళ్ళు తెలుగు మాట్లాడే మాదిగలు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ముందుతరంలో క్రైస్తవులు. ప్రాచీన ఇజ్రాయెలీల్లో జాడ తెలియకుండా పోయిన పది గోత్రాల్లో తాము ఎఫ్రాయిము సంతతివాళ్ళమని చెబుతారు. సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు, సొంత సినగోగు కట్టుకున్నారు. వాళ్ళ వంశచరిత్రకి రాతలో ఆధారాలు లేవు, ఇజ్రాయెల్ వాళ్ళని గుర్తించలేదు. ఈశాన్య భారతంలో ఇలాంటి మాటే చెప్పిన బెనే మెనాషేని మాత్రం 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు గుర్తించారు, వాళ్ళు శాస్త్రోక్తంగా మతం స్వీకరించి వెళుతున్నారు.

కొత్తరెడ్డిపాలెం గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్ళ పెదవి విరుపు నేను విన్నాను. "కులం తప్పించుకోడానికి ఎత్తిన వేషం" అంటారు. ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది. ఊరు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోని మనిషి, తనని లెక్కపెట్టే చోటు కోసం వెతుక్కోవడం వేషం ఎలా అవుతుంది? చెప్పులు కుట్టేవాళ్ళు పదిమంది చాలన్న సామెత పుట్టింది తూర్పు యూరప్ యూదుల నోట. తరతరాలుగా తోలుపని చేసిన కులానికి ఆ మాట ఎంత దగ్గరగా వినిపించి ఉంటుందో ఆలోచించాలి. మట్టాంచేరిలో నాలుగున్నర శతాబ్దాల గోడలున్నాయి, పదిమంది లేరు. ఇక్కడ శనివారం పొద్దున చేరడానికి మనుషులున్నారు, వాళ్ళని పదిగా ఒప్పుకునేవాళ్ళు లేరు.

ఎవరు తమవాళ్ళో తేల్చుకునే అధికారం ఏ సమాజానికైనా ఉంటుంది, యూదులకీ ఉంది. శాస్త్రప్రకారం పరీక్ష పెట్టి, స్నానం చేయించి చేర్చుకుంటామంటే అది న్యాయమే. నా పేచీ ఆ తర్వాతి అడుగు దగ్గర. చేర్చుకునేటప్పుడు వాళ్ళ తెలుగునీ, వాళ్ళ మాదిగ చరిత్రనీ, మొన్నటిదాకా పాడుకున్న పాటల్నీ గుమ్మం బయట వదిలి రమ్మని అడగకూడదు. కొచ్చి యూదు ఆడవాళ్ళు మలయాళంలో కట్టిన పాటల్ని చేతిరాత పుస్తకాల్లో తల్లి నుంచి కూతురికి అందించుకున్నారు. ఇజ్రాయెల్‌కి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాల్నీ తీసుకెళ్ళారు. వాటిని అక్కడ పాడించారు, రికార్డు చేశారు, అచ్చువేశారు. మలయాళానికి దొరికిన ఆ చోటు తెలుగుకీ ఇవ్వాలి. కొత్తరెడ్డిపాలెం వాళ్ళు దాన్ని బతిమాలి పుచ్చుకోనక్కర్లేదు, సేలం లాగే కూర్చుని అడగొచ్చు.